వానాకాలంలో హాట్ యాయ్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

థాయిలాండ్‌కి నవంబరు, డిసెంబరు మంచి సీజన్ అని మనవాళ్ళు ఎవరిని అడిగినా చెబుతారు. బ్యాంకాక్‌కీ చియాంగ్ మాయ్‌కీ ఆ మాట సరిపోతుంది. దక్షిణాన సోంగ్‌ఖ్లా రాష్ట్రంలో మలేషియా సరిహద్దుకి దగ్గరగా ఉన్న హాట్ యాయ్‌కి మాత్రం సరిపోదు. మిగతా దేశంలో ఆకాశం తేటపడే వేళకి ఇక్కడ ముసురు పడుతుంది. ఏటా ఈ రోజుల్లో అవే సందేహాలు వస్తుంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## టికెట్ కొనేముందు

నవంబరులో థాయిలాండ్ అంతా పొడిగా ఉంటుందన్నారు కదా, హాట్ యాయ్‌లో వానేమిటి?

మన నెల్లూరు, తిరుపతి జిల్లాలకు వానలిచ్చే ఈశాన్య రుతుపవనాలే దీనికీ కారణం. ఈశాన్యం నుంచి వచ్చే గాలి థాయిలాండ్ సింధుశాఖ మీదుగా తేమను మోసుకొచ్చి తూర్పు తీరం మీద కుమ్మరిస్తుంది. ఇక్కడ అక్టోబరులో వానలు మొదలవుతాయి, నవంబరులో బాగా ముదురుతాయి, డిసెంబరు దాకా సాగుతాయి, జనవరిలో తగ్గుముఖం పడతాయి. అటువైపు అండమాన్ తీరాన ఉన్న ఫుకెట్, క్రాబీల లెక్క వేరు. వాటికి మే నుంచి అక్టోబరు దాకా వానాకాలం.

మన తీరానికీ హాట్ యాయ్ ఉన్న ఈ సింధుశాఖ తీరానికీ చుట్టరికం పాతదే. 1989 నవంబరులో సింధుశాఖలో పుట్టిన ‘గే’ తుఫాను థాయిలాండ్‌లోని చుంఫోన్‌ను ఛిన్నాభిన్నం చేసి, భూభాగం దాటి బంగాళాఖాతంలోకి దిగి, కొద్ది రోజులకే మన కావలి దగ్గర తీరాన్ని తాకింది. నెల్లూరు జిల్లా పెద్దవాళ్ళు ఆ రాత్రి గురించి ఇప్పటికీ చెబుతుంటారు.

చలి ఉంటుందా? స్వెటర్ కావాలా?

చలి అనేంత ఉండదు. పగలు 29, 30 డిగ్రీలు, తెల్లవారుజామున 23 దరిదాపుల్లో ఉంటుంది. ముసురు పట్టిన రోజు ఇంకాస్త చల్లగా ఉంటుంది. ఏప్రిల్ ఎండతో పోలిస్తే హాయి. పల్చటి జాకెట్ ఒకటి పెట్టుకోండి. బయట కోసం కాదు, వ్యాన్లలోనూ మాల్స్‌లోనూ ఏసీలు దంచేస్తారు, అందుకు.

ఏ వారాలు తప్పించుకుంటే మంచిది?

నవంబరు మొదటి నుంచి డిసెంబరు మధ్య వరకు. ఈ ఊరిని ముంచిన పెద్ద వరదల్లో 2000, 2010, 2025 సంవత్సరాలవి మూడూ నవంబరులోనే వచ్చాయి. 2025లోనైతే ఒక్క రోజులో 300 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. సోంగ్‌ఖ్లా రాష్ట్రంలో చాలామంది చనిపోయారు. వేలమంది మలేషియా పర్యాటకులు హోటళ్ళలోనే చిక్కుకుపోయారు. అలాగని ప్రతి నవంబరూ అలా ఉండదు. చాలా ఏళ్ళు ఒకటి రెండు గంటలు కుండపోత కురిసి తెరిపిస్తుంది. తేదీలు మీ చేతిలో ఉంటే జనవరి మూడో వారం తర్వాత పెట్టుకోండి. పిల్లల సెలవుల వల్ల డిసెంబరే కుదురుతుందంటే నెల చివర్లో పెట్టుకుని, ఒక రోజు అదనంగా ఉంచుకోండి.

వానలో వెళ్ళి ఏం లాభం? అసలు ఎందుకు వెళ్ళాలి?

బీచ్ కోసమైతే వెళ్ళొద్దు. తిండి, మార్కెట్లు, మసాజ్, పాత సోంగ్‌ఖ్లా వీధులు కావాలంటే వాన పెద్ద అడ్డంకి కాదు. ఈ ఊరి బతుకంతా కప్పుల కిందే నడుస్తుంది. హాట్ యాయ్ రిసార్టు కాదు, వ్యాపారం ఊరు. చైనా మూలాల వర్తకులు, మలయ్ ముస్లింలు, థాయ్ బౌద్ధులు కలిసి కట్టుకున్న రైల్వే జంక్షన్ పట్టణం ఇది. వారాంతం వస్తే మలేషియా, సింగపూర్ నుంచి జనం తినడానికే వస్తారు. నాకైతే ఎండ వేళ కంటే ముసురు వేళే ఈ ఊరు నచ్చుతుంది. తిన్నగా ఒకచోట కూర్చోబెడుతుంది.

భారతీయులకు వీసా కావాలా?

2024 జూలై 15 నుంచి భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు పర్యటన కోసం వీసా లేకుండా 60 రోజుల వరకు ఉండొచ్చని థాయ్ ప్రభుత్వం ప్రకటించింది. ఇలాంటి సడలింపులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజు థాయ్ ఎంబసీ సైటులో ఒకసారి చూసుకోండి. దానితోపాటు 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగేముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం.

హైదరాబాద్ నుంచి ఎలా వెళ్ళాలి?

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి హాట్ యాయ్‌కి గంటన్నర ప్రయాణం. దేశీయ విమానాలు చాలావరకు బ్యాంకాక్‌లోని ఇంకో విమానాశ్రయం డాన్ మువాంగ్ నుంచి ఎగురుతాయి. మీరు సువర్ణభూమి విమానాశ్రయంలో దిగి డాన్ మువాంగ్ వెళ్ళాల్సి వస్తే, మధ్యలో కనీసం ఐదు గంటలు ఉంచుకోండి. వాన పడితే బ్యాంకాక్ ట్రాఫిక్ సంగతి తెలిసిందే. కౌలాలంపూర్ మీదుగా రావడం ఇంకో దారి.

రైలంటే ఇష్టమున్నవాళ్ళకి బ్యాంకాక్‌లోని క్రుంగ్ థెప్ అఫివత్ స్టేషన్ నుంచి రాత్రి స్లీపర్ రైళ్ళున్నాయి. 900 కిలోమీటర్లకు పైనే. సాయంత్రం ఎక్కితే మర్నాడు ఉదయానికి దిగుతారు. కింది బెర్తు వెడల్పుగా ఉంటుంది, రేటు కొంచెం ఎక్కువ. అయితే వరదలొస్తే ముందుగా ఆగేది ఈ లైనే. నవంబరులో వచ్చేటప్పుడు రైలు, వెళ్ళేటప్పుడు విమానం పెట్టుకోవడం మేలు. తిరుగు ప్రయాణంలో బ్యాంకాక్ నుంచి మీ అంతర్జాతీయ విమానం ఉంటుంది కాబట్టి అక్కడ రిస్క్ వద్దు.

పెనాంగ్‌లో ఉంటున్నాం. రోడ్డునో రైల్లోనో రావచ్చా?

రావచ్చు. బటర్‌వర్త్ నుంచి మలేషియా రైల్వే వారి కేటీఎం రైలెక్కి సరిహద్దులోని పాడంగ్ బెసార్‌లో దిగితే రెండు దేశాల ఇమిగ్రేషన్ స్టేషన్‌లోనే అయిపోతుంది. అక్కడి నుంచి హాట్ యాయ్‌కి షటిల్ రైలు ఉంటుంది, గంట లోపు ప్రయాణం. థాయ్ టైమ్ మలేషియా కంటే గంట వెనక, మన టైమ్ కంటే గంటన్నర ముందు. షటిల్ టైమింగులు చూసేటప్పుడు ఏ దేశం టైమో గమనించండి. చాలామంది బండి తప్పేది ఇక్కడే. రోడ్డున వచ్చే బస్సులు, వ్యాన్లు ఎక్కువగా సదావ్ చెక్‌పోస్టు మీదుగా వస్తాయి. మలేషియా స్కూలు సెలవుల్లో అక్కడి క్యూ చూస్తే తిరుమల సర్వదర్శనం గుర్తొస్తుంది.

సరిహద్దు రాష్ట్రాల్లో గొడవలంటారు. హాట్ యాయ్ సేఫేనా?

గొడవలున్నది పట్టాని, యాలా, నరాథివాట్ రాష్ట్రాల్లోనూ, సోంగ్‌ఖ్లాలోని చనా, థెఫా, నా థవీ, సబా యోయ్ అనే నాలుగు మండలాల్లోనూ. 2004 నుంచి అక్కడ వేర్పాటువాద హింస నడుస్తోంది. హాట్ యాయ్ ఆ పరిధిలో లేదు. కానీ గతంలో ఇక్కడా పేలుళ్ళు జరిగాయి. 2012 మార్చిలో నగరం నడిబొడ్డున ఒక హోటల్ భవనంలో బాంబు పేలింది. ఆ తర్వాత కూడా లక్షలమంది వచ్చి వెళ్తున్నారు. నా సలహా, హాట్ యాయ్, సోంగ్‌ఖ్లా తిరగండి, తూర్పుగా పట్టాని వైపు సరదాకి వెళ్ళకండి. ఆ ప్రాంతాల్లో జరిగినవాటికి ట్రావెల్ ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు, పాలసీ చదవండి.

## గది, సామాను

హోటల్ ఎక్కడ తీసుకోవాలి?

తిరగడానికి సులువు కావాలంటే రైల్వే స్టేషన్‌కీ లీ గార్డెన్స్ ప్లాజాకీ మధ్య, నిఫత్ ఉథిత్ 1, 2, 3 వీధుల్లో. మార్కెట్లు, తిండి అన్నీ నడక దూరం. చిక్కేమిటంటే వరదొస్తే ఆ ప్రాంతంలోకీ నీళ్ళొస్తాయి. అందుకని బుక్ చేసేముందు హోటల్‌కి మెసేజ్ పెట్టి రెండు విషయాలు కనుక్కోండి. జనరేటర్ ఉందా, మూడో అంతస్తు లేదా ఆ పైన గది ఇస్తారా. డబ్బు వాపసు వచ్చే రేటే తీసుకోండి. నాలుగు వందలు మిగులుతాయని వాపసు లేని రేటుకి ఈ నెలల్లో వెళ్ళొద్దు.

గొడుగా, రెయిన్‌కోటా?

రెండూ ఇంటి నుంచి మోసుకెళ్ళక్కర్లేదు. సెవెన్ ఇలెవెన్‌లో పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు, గొడుగులు దొరుకుతాయి. చెప్పుల విషయంలో మాత్రం జాగ్రత్త. ఫుట్‌పాత్‌ల మీద చాలాచోట్ల నున్నటి టైల్స్ వేశారు, తడిస్తే జారతాయి. వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండల్స్ మంచివి. బూట్లు తడిస్తే రెండు రోజులైనా ఆరవు. పాస్‌పోర్టుకి ఒక జిప్ కవరు, ఫోన్‌కి ఒక పవర్ బ్యాంకు ఉండాలి. ఈ-సిగరెట్లు, వేప్‌లు థాయిలాండ్‌లో నిషేధం, బ్యాగులో పెట్టుకోకండి.

బట్టలు ఆరవు కదా?

బాల్కనీలో ఆరేస్తే ఆరవు. వీధికొకటి చొప్పున నాణేలు వేసే వాషింగ్ మెషీన్ షాపులున్నాయి, డ్రయ్యర్లు కూడా. పది బాట్ల నాణేలు దాచుకోండి. ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టుకునేసరికి గంటన్నర. ఎదురుగా ఏదో ఒక టీ కొట్టు ఉండనే ఉంటుంది.

## ఊళ్ళో దిగాక

డబ్బులు ఎలా? యూపీఐ నడుస్తుందా?

యూపీఐని నమ్ముకుని వెళ్ళొద్దు. కొట్ల ముందు కనిపించే క్యూఆర్ కోడ్‌లు థాయ్ బ్యాంకు ఖాతాల కోసం పెట్టినవి. ఏటీఎంలో మన కార్డు పెడితే తీసిన ప్రతిసారీ 220 బాట్లో, ఇంకాస్త ఎక్కువో ఫీజు పడుతుంది. చిన్న చిన్నగా తీయకుండా ఒకేసారి తీసుకోండి. వాన ముదిరి కరెంటు పోతే ఏటీఎంలు, కార్డు మెషీన్లు రెండూ ఆగుతాయి. రెండు రోజుల ఖర్చుకి సరిపడా నోట్లు ఎప్పుడూ దగ్గరుండాలి.

వానలో తిరగడం ఎలా?

గ్రాబ్, బోల్ట్ యాప్‌లు పనిచేస్తాయి. వాన పడగానే రేటు పెరుగుతుంది, ఇరవై నిమిషాలు ఆగితే దిగుతుంది. ఇక్కడి టుక్‌టుక్ బ్యాంకాక్‌లో చూసే మూడు చక్రాల బండి కాదు. చిన్న ట్రక్కు వెనక రెండు బెంచీలు వేసి ఉంటాయి. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. అద్దె స్కూటర్ ఈ కాలంలో వద్దు. రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే కింద గుంత ఉందో, మూత లేని డ్రైనేజీ ఉందో కనపడదు.

రోజంతా వాన పడితే ఏం చేయాలి?

పొద్దున్నే డిమ్ సమ్‌తో మొదలుపెట్టండి. అద్దాల అరలో చిన్న చిన్న పళ్ళేలు పేర్చి ఉంటాయి. వేలు పెట్టి చూపించినవన్నీ తీసి ఆవిరి బుట్టల్లో ఉడికించి తెస్తారు. బిల్లు పళ్ళేల లెక్కన. తర్వాత కిమ్ యోంగ్ మార్కెట్. వేయించిన జీడిపప్పు, ఎండు పళ్ళు, చైనా చాక్లెట్లు, ఎండు చేపలు, పక్కనే సబ్బులు. లోపల కప్పు ఉంటుంది కానీ సందుల్లో టార్పాలిన్లు కట్టి ఉంటాయి. కొట్టువాడు కర్రతో పైకి పొడిచి నిలిచిన నీళ్ళు కిందికి వదిలేటప్పుడు ఆ పక్కన ఉండకండి. మధ్యాహ్నం మసాజ్. సాయంత్రం తెరిపిస్తే ఆసియాన్ నైట్ బజార్ లేదా గ్రీన్‌వే మార్కెట్. క్లోంగ్ హే పడవల మార్కెట్ శుక్ర, శని, ఆదివారాల్లో మధ్యాహ్నం తర్వాత ఉంటుంది. కాలువలో నీళ్ళు పెరిగితే ఉండదు.

అమ్మానాన్నలకి గుడులు చూపించాలి. ఏవి వీలవుతాయి?

వాట్ హాట్ యాయ్ నాయ్‌లో పడుకున్న బుద్ధుడి విగ్రహం 35 మీటర్ల పొడవుంటుంది. బండి దగ్గరదాకా వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్ళకి ఇబ్బంది లేదు. ఊరి బయట కొండ మీది మునిసిపల్ పార్కులో నిలువెత్తు బంగారు రంగు బుద్ధుడు, చైనా వాళ్ళ కరుణ దేవత గ్వాన్ యిన్, నాలుగు ముఖాల బ్రహ్మ ఉన్నారు. మన బ్రహ్మకి గుళ్ళు అరుదు కదా, పెద్దవాళ్ళు అక్కడ కాసేపు ఆగుతారు. పార్కులో కేబుల్ కారు ఉంది, ఉరుముల రోజు ఆపేయవచ్చు. భుజాలు, మోకాళ్ళు కప్పుకునే బట్టలు వేసుకోండి. చెప్పులు బయట విడిచినప్పుడు వానకి తడవని చోట పెట్టండి.

## తిండి

మేం శాకాహారులం. బతకగలమా?

బతకగలరు, కానీ తెలుసుకుని వెళ్ళాలి. మామూలు హోటల్లో కూరగాయల వేపుడు అడిగినా అందులో చేపల సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు, చూడ్డానికి 17 అంకెలా ఉండే గుర్తు కనిపిస్తే ఆ కొట్లోకి వెళ్ళండి. వాటిని ‘జే’ భోజనశాలలంటారు. మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు, కాబట్టి మన చాతుర్మాస్యం పెద్దలకీ సరిపోతుంది. చాలావరకు పగటి పూటే నడుస్తాయి, మధ్యాహ్నం దాటితే గిన్నెలు ఖాళీ. చైనా పంచాంగం తొమ్మిదో నెలలో, అంటే సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో, తొమ్మిది రోజుల జే పండుగప్పుడు ఊరంతా ఈ జెండాలే.

బయట తినాల్సివస్తే రెండు ముక్కలు నేర్చుకోండి. ‘మై సై నమ్ ప్లా’ అంటే చేపల సాస్ వేయొద్దని, ‘మై సై కాపి’ అంటే రొయ్యల ముద్ద వేయొద్దని. పచ్చళ్ళు, పొడులు మీ బ్యాగులో ఎలాగూ ఉంటాయి, అన్నం ఎక్కడైనా దొరుకుతుంది.

నాన్‌వెజ్ తింటాం. తప్పక తినాల్సినవేంటి?

హాట్ యాయ్ కోడి వేపుడు. దేశమంతా ఈ ఊరి పేరుతోనే అమ్ముతారు. మసాలా పట్టించి కరకరలాడేలా వేయించి, పైన ఎర్రగా వేగిన చిన్న ఉల్లిపాయల తరుగు గుప్పెడు చల్లి, జిగురు అన్నంతో ఇస్తారు. ఆ ఉల్లిపాయలు ఇంకొంచెం వేయమంటే నవ్వుతూ వేస్తారు. వాన సాయంత్రం పొగలు కక్కుతుండగా తినాలి, పొట్లం కట్టించుకుని గదికి తెస్తే మెత్తబడిపోతుంది.

దక్షిణాది థాయ్ వంట మన నాలుకకి బ్యాంకాక్ వంట కంటే దగ్గర. పసుపు, మిరియం, ఎండుమిర్చి దండిగా ఉంటాయి. గేంగ్ సోమ్ అనే పుల్లటి చేపల పులుసు తింటే మనవాళ్ళు మారు వడ్డించుకుంటారు. ఖువా క్లింగ్ అనే పొడి మాంసం వేపుడు గుంటూరు కారాన్ని తట్టుకునేవాళ్ళకి కూడా చెమట పట్టిస్తుంది. సతో గింజలు పచ్చగా చిక్కుడు గింజల్లా ఉంటాయి, వాసన మాత్రం ఘాటు. మొదటిసారి ఒక ముక్కే తినండి. హలాల్ హోటళ్ళకి కొదవే లేదు, రొట్టె, టీ, పసుపన్నం కోడి బిర్యానీ ఎక్కడపడితే అక్కడ.

## వాన ముదిరితే

వాన వేరు, వరద వేరు అంటారు. ఎలా తెలుస్తుంది?

హాట్ యాయ్ పళ్ళెంలాంటి పల్లపు చోట ఉంది. దక్షిణాన సదావ్ వైపు కొండల మీద పడ్డ నీళ్ళన్నీ ఉ-తఫావ్ కాలువలో చేరి, ఊరి పక్క నుంచి సోంగ్‌ఖ్లా సరస్సులోకి వెళ్ళాలి. ఈ కాలంలో సరస్సు, సముద్రం కూడా ఎత్తుగా ఉంటాయి, నీళ్ళు తొందరగా లాగవు. అందుకే ఊళ్ళో వాన ఆగినా సదావ్‌లో కురుస్తుంటే ముప్పు ఉన్నట్టే. మళ్ళింపు కోసం తవ్విన ఆర్-1 కాలువ చాలాసార్లు కాపాడింది. 2025లో దానికీ మించి వచ్చింది.

ఊళ్ళో జెండాల పద్ధతి ఉంది. ఆకుపచ్చ అంటే గమనిస్తూ ఉండమని, పసుపు అంటే సామాను పైకెత్తి సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఖాళీ చేయమని. హాట్ యాయ్ సిటీ క్లైమేట్ సైటులో కాలువల దగ్గరి కెమెరాలు నేరుగా చూడొచ్చు. థాయ్ రాకపోయినా నీళ్ళు గట్టుకి ఎంత కింద ఉన్నాయో కళ్ళకి కనిపిస్తుంది.

పసుపు జెండా ఎగిరింది. ఉండాలా, వెళ్ళిపోవాలా?

వెళ్ళిపోండి. హోటల్ డబ్బులు పోతాయని చూడకండి. రోడ్లు తెరిచి ఉండగానే ఎయిర్‌పోర్టు వైపో, పశ్చిమాన త్రాంగ్ వైపో కదలండి. ఎర్ర జెండా వచ్చాక, చీకటి పడ్డాక బయల్దేరడం మాత్రం ప్రమాదం. అప్పటికి కదలలేకపోతే పై అంతస్తులో ఉండండి. మూడు రోజులకి సరిపడా తాగునీళ్ళు, బిస్కెట్లు, మందులు ముందే పైకి తెచ్చుకోండి. బాత్‌టబ్బులోనో బకెట్లలోనో వాడుక నీళ్ళు నింపి పెట్టుకోండి, ఫోన్లు చార్జ్ చేసి ఒక్కటే వాడండి.

టూరిస్టు పోలీసు 1155, అంబులెన్సు 1669, విపత్తుల విభాగం 1784. కాగితం మీద రాసుకోండి.

వరద నీళ్ళలో నడిచాను. డాక్టర్ని చూడాలా?

ముందు సబ్బుతో శుభ్రంగా కడుక్కోండి. కాళ్ళమీద పుండో గీరో ఉన్నవాళ్ళకి ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ రావచ్చు. నాలుగు వారాల లోపు జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే ఆలస్యం చేయకండి. నీళ్ళలో నడిచిన సంగతి డాక్టర్‌కి మీరే చెప్పాలి, హైదరాబాద్ వచ్చాక జ్వరం వచ్చినా సరే. షుగర్ ఉన్నవాళ్ళు అసలు ఆ నీళ్ళలో దిగకూడదు, వాళ్ళకి మెలియోయిడోసిస్ అనే ఇంకో మట్టి జబ్బు ప్రమాదం ఉంది. హాట్ యాయ్‌లో ప్రిన్స్ ఆఫ్ సోంగ్‌ఖ్లా యూనివర్సిటీ వారి సోంగ్‌ఖ్లానగరింద్ ఆసుపత్రి దక్షిణాదిలో పెద్ద బోధనాసుపత్రి. దోమల మందు రోజూ రాసుకోండి, డెంగీ ఉంది.

## చుట్టుపక్కల

సోంగ్‌ఖ్లా ఒక్క రోజులో చూడొచ్చా?

సుమారు 30 కిలోమీటర్లే. పొద్దున వెళ్ళి సాయంత్రం రావచ్చు. నాంగ్ ఙామ్, నఖోన్ నాయ్, నఖోన్ నోక్ వీధుల్లో పాత చైనా ఇళ్ళు, గోడల మీద బొమ్మలు, సరస్సు ఒడ్డున ఎర్ర రంగు పాత బియ్యం మిల్లు. చినుకుల్లో ఈ వీధులు ఖాళీగా ఉంటాయి, ఫొటోలకి అదే మంచిది. వాన పెద్దదైతే నేషనల్ మ్యూజియంలో దూరండి. 1878లో చైనా పద్ధతిలో కట్టిన, సోంగ్‌ఖ్లా పాలక కుటుంబం వారి బంగళా అది. సోమ, మంగళవారాలు సెలవు. సమిలా బీచ్‌లో 1966 నాటి బంగారు మత్స్యకన్య దగ్గర ఫొటో దిగండి కానీ ఈ కాలంలో సముద్రంలోకి దిగొద్దు, ఈత వద్దని ఎర్ర జెండాలు పెడతారు.

కో యో దీవిలో దక్షిణ థాయ్ అధ్యయన సంస్థ వారి మ్యూజియం ఉంది. నాంగ్ తలుంగ్ అనే అక్కడి తోలుబొమ్మలు చూడండి. మన తోలుబొమ్మల కంటే చిన్నవి, కథ మాత్రం ఆ రాముడిదే చాలాసార్లు.

జలపాతాలకి వెళ్ళొచ్చా?

టోన్ ఙా చాంగ్ జలపాతం వానాకాలంలో అందంగా ఉంటుంది, అందుకే జనం వెళ్ళి ఇబ్బంది పడతారు. పైన కొండల్లో పడ్డ వానకి నిమిషాల్లో నీళ్ళు పెరుగుతాయి. రాత్రి పెద్ద వాన పడితే మర్నాడు వెళ్ళొద్దు.

ఇంత వానలో బీచ్ అసలు లేనట్టేనా?

ఉంది, అటువైపు తీరంలో. హాట్ యాయ్ నుంచి రెండు గంటలు వ్యాన్‌లో వెళ్తే సటూన్ రాష్ట్రంలో పాక్ బారా రేవు వస్తుంది. అక్కడి నుంచి స్పీడ్‌బోటులో కో లిపె దీవి. అండమాన్ వైపు నవంబరు చివరికల్లా వానలు తగ్గుతాయి, డిసెంబరులో నీళ్ళు తేటగా ఉంటాయి. హాట్ యాయ్‌లో రెండు రోజులు తిని, లిపెలో మూడు రోజులు ఉండడం ఈ సీజన్‌కి నేను చెప్పే ప్లాన్. విమానం ఉన్న రోజే దీవి నుంచి బయల్దేరకండి. గాలి ఎక్కువైతే బోట్లు ఆపేస్తారు.

## తిరుగు ప్రయాణం

ఇంటికి ఏం తెచ్చుకోవాలి?

జీడిపప్పు, ఎండు మామిడి, ఎండు పనస చిప్స్. కిమ్ యోంగ్‌లో రుచి చూపించి ఇస్తారు, రెండు కొట్లలో అడిగితే రేటు తెలిసిపోతుంది. గాలి తీసిన ప్యాకెట్లే తీసుకోండి, విప్పి పెట్టినవి ఈ తేమకి దారిలోనే మెత్తబడతాయి. ఘాటు వాసన వచ్చే దురియన్ పండుని హోటల్ గదిలోకీ విమానంలోకీ రానివ్వరు. తినాలనిపిస్తే బండి దగ్గరే తినేయండి.